సైన్స్ ఫిక్షన్ అట్టకు సరిపోయే తెలుగు ఫాంట్: సరదాగా మీరే చేసుకోవడం ఎలా?

సైన్స్ ఫిక్షన్ కథల పుస్తకానికి అట్ట వేయాలన్నా, కాలేజీ టెక్ ఫెస్ట్‌కి బ్యానర్ కట్టాలన్నా, రోబోల మీద చేసిన వీడియోకి థంబ్‌నెయిల్ పెట్టాలన్నా ఇంగ్లిష్‌లో అయితే కావలసినన్ని ఫాంట్లు దొరుకుతాయి. తెలుగు దగ్గరికొచ్చేసరికి ఉన్న గుండ్రటి ఫాంటే తీసుకుని, దానికి నీలం మెరుపు పూసి, వెనక నీడ పెట్టి సరిపెట్టేస్తాం. అక్షరం పాతదే, మేకప్ మాత్రం కొత్తది. ఇక్కడ చెప్పబోయేది అక్షరాన్నే కొత్తగా గీసి, దాన్ని టైప్ చేయగలిగే ఫాంట్‌గా మార్చే పద్ధతి. దానికి కావలసింది ఒక కంప్యూటర్, ఒక గళ్ల నోటుబుక్కు, కొన్ని ఖాళీ ఆదివారాలు. ఖర్చేమీ లేదు.

మనం చేసేది డిస్‌ప్లే ఫాంట్ అన్నది గుర్తుంచుకోండి. పెద్ద సైజులో రెండు మూడు మాటలు చూపించడానికి పనికొస్తే చాలు. దీంతో ఎవరూ నవల కంపోజ్ చేయరు. కాబట్టి చదవడానికి అరక్షణం ఎక్కువ పట్టినా ఫరవాలేదు. రెండు క్షణాలు పడితే మాత్రం కష్టం.

ముందు ఒక్క నియమం పెట్టుకోండి

"భవిష్యత్తులా కనిపించాలి" అనుకుంటూ పెన్సిల్ పట్టుకుంటే చేతికి వచ్చేవి మనం ఎక్కడో చూసిన సినిమా అక్షరాలే. ఇప్పటికీ కొత్తగా అనిపించే అక్షరాలను వెతికి చూడండి. వాటిలో చాలావాటి వెనక ఏదో ఒక యంత్రం పెట్టిన పరిమితి ఉంటుంది.

మీ చెక్‌బుక్ తీసి అడుగున తెల్లటి పట్టీలో ఉన్న అంకెలు చూడండి. ఒక్కో అంకెలో ఒక్కో చోట లావుగా ముద్దలా ఉంటుంది. అందం కోసం పెట్టింది కాదది. ఆ అంకెలను మాగ్నెటిక్ ఇంకుతో అచ్చువేస్తారు. యంత్రం వాటి మీదుగా వెళ్లినప్పుడు ఒక్కో అంకె నుంచి ఒక్కో రకం సిగ్నల్ రావాలి కాబట్టి ఇంకు ఎక్కడ ఎక్కువ ఉండాలో లెక్కవేసి గీశారు. ఆ రూపం పేరు ఇ-13బి, అమెరికా బ్యాంకుల కోసం 1950ల్లో తయారైంది. తర్వాత డిజైనర్లు ఆ ముద్దలను అంకెల నుంచి అక్షరాలకు పాకించారు. వెస్ట్‌మిన్‌స్టర్, డేటా 70 లాంటి ఫాంట్లు అలా పుట్టినవే. కంప్యూటర్ అనగానే ప్రపంచమంతటికీ ఆ రూపమే తట్టేంతగా అది స్థిరపడిపోయింది.

నెదర్లాండ్స్ డిజైనర్ విమ్ క్రౌవెల్ 1967లో చేసిన 'న్యూ ఆల్ఫబెట్' కూడా ఇదే దారిలో వచ్చింది. పాత టీవీల్లాంటి గొట్టపు తెర మీద అక్షరాలను వెలిగించి అచ్చుకు సిద్ధం చేసే అప్పటి క్యాథోడ్ రే ట్యూబ్ టైప్‌సెట్టింగ్ యంత్రాలు వంపులను గరుకుగా చూపించేవి. వంపును నున్నగా చేయడానికి తంటాలు పడే బదులు ఆయన వంపులనే తీసేశాడు. నిలువు గీతలు, అడ్డ గీతలు, మూలల్లో 45 డిగ్రీల కోత, అంతే. కొన్ని అక్షరాలు ఇంగ్లిష్ చదివేవాళ్లకు కూడా తెలియకుండా పోయాయి. అయినా యాభై ఏళ్లు దాటాక కూడా అది నిన్న గీసినట్టే ఉంటుంది. నాసా 1975లో తెచ్చిన ఎర్ర అక్షరాల లోగోలో రెండు 'ఏ'లకూ అడ్డగీత లేదు. తీసేసింది ఆ ఒక్క గీతే, మొత్తం మారిపోయింది.

మీరూ అలాంటి ఒక్క నియమం ఎంచుకోండి. వంపులు ఉండవు అనుకోవచ్చు. జర్మనీలోని డిజైన్ పాఠశాల బౌహౌస్‌లో యోసెఫ్ ఆల్బర్స్ చేసినట్టు చతురస్రం, వృత్తం, పావు వృత్తం ఈ మూడిటితోనే ప్రతి అక్షరమూ పేర్చాలి అనుకోవచ్చు. ప్రతి అక్షరాన్నీ ఒకే ఎత్తులో ఒక సన్నటి ఖాళీ అడ్డంగా కోసుకుంటూ పోవాలి అనుకోవచ్చు. రైల్వే ప్లాట్‌ఫారం మీద బోగీ నంబర్లు చూపించే ఎల్‌ఈడీ బోర్డులా అన్నీ చుక్కలతోనే ఉండాలన్నదీ నియమమే. కానీ కొత్తవాళ్లకు చుక్కల ఫాంట్ వద్దంటాను. చుక్కల్లో అక్షరం ఎలాగోలా కుదురుతుంది, వత్తులకు మాత్రం చోటు చాలదు. రెండు నియమాలు కలిపితే ఇంకా బాగుంటుందనిపిస్తుంది, ఉండదు. ఒక్కటే పెట్టుకుని కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి.

ఈ వ్యాసంలో ఉదాహరణకు నేను తీసుకుంటున్న నియమం: వంపులు లేవు, గీత మందం అంతటా ఒకటే, ప్రతి మూలా 45 డిగ్రీల కోత. మొదటిసారి చేసేవాళ్లకు ఇదే సులువు. ఎందుకో కింద తెలుస్తుంది.

తెలుగు అక్షరంలో ముట్టుకోకూడనివి

తెలుగు అక్షరానికి ఒళ్లంతా వంపులే, వాటిని చతురస్రం చేస్తే ఇంకేం మిగులుతుంది అని చాలామంది భయపడతారు. నిజానికి ఒళ్లు ఎంత మార్చినా మన కన్ను సర్దుకుంటుంది. అక్షరాన్ని గుర్తుపట్టేది ఒంటిని బట్టి తక్కువ, దాని చుట్టూ ఉండే చిన్న చిన్న గుర్తులను బట్టి ఎక్కువ. ద ధ అయ్యేది, ప ఫ అయ్యేది, చ ఛ అయ్యేది కింద పెట్టే ఒత్తు వల్ల. ర మధ్యలో చుక్క పడితే ఠ. ప లోపల చిన్న గీత చేరితే ష. డిజైన్ శుభ్రంగా ఉండాలని ముందుగా చెరిపేయాలనిపించేవి సరిగ్గా ఈ గుర్తులే. ఒళ్లు మీ ఇష్టం, గుర్తులు మాత్రం పాఠకుడి సొత్తు.

తలకట్టు సంగతి వివరంగా చూడాలి. దాన్ని బట్టి హల్లులను మూడు గుంపులు చేసి నోటుబుక్కులో రాసుకోండి. ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ఱ, ల అక్షరాలకు తలకట్టు లేదు. ఘ, ప, ఫ, ష, స, హ అక్షరాలకు ఉంటుంది గానీ ఒంటికి అంటకుండా పైన విడిగా నిలుస్తుంది. క, గ, త, న, వ, శ లాంటి మిగతావాటికి అంటుకుని ఉంటుంది. రోజూ చదివే అక్షరాలే అయినా చాలామంది ఈ తేడాను గమనించి ఉండరు. చతురస్రపు ఫాంట్‌లో ఇది గమనించకుండా ప తలకట్టును ఒంటికి అతికించేస్తే అది వ లా కనిపించడం మొదలవుతుంది.

కొమ్ము ఇంకో చిక్కు. వ పక్కన మామూలు కొమ్ము పెడితే అది మ అయిపోతుంది. అందుకే పు, ఫు, వు అక్షరాలకు కొమ్మును కింది నుంచి తిప్పుతారు. మొ, యొ, ఘొ, ఝొ రాసేటప్పుడు మామూలు ఒత్వం రాదు, ఎత్వం పెట్టి పక్కన కొమ్ము పెడతాం. ఇవన్నీ చిన్నప్పుడు పలక మీద దిద్దినవే కాబట్టి చేతికి తెలుసు. కంప్యూటర్‌కి మాత్రం విడివిడిగా చెప్పాలి.

అ నుంచి మొదలుపెట్టకండి, శ్రీహరికోట నుంచి మొదలుపెట్టండి

అక్షరమాల వరసలో గీసుకుంటూ పోతే ఆ, ఇ, ఈ దాటేసరికి ఉత్సాహం చల్లారిపోతుంది. పైగా డిజైన్‌లో లోపం ఉంటే వత్తుల దగ్గరికి వచ్చేదాకా బయటపడదు. అప్పటికి సగం ఫాంట్ గీసేసి ఉంటారు. అందుకని ఒక మాటతో మొదలుపెట్టాలి. రాకెట్లు లేచే చోటి పేరే తీసుకుందాం: శ్రీహరికోట. ఐదే అక్షరాలు. వాటిలోనే తలకట్టు లేని ట, తలకట్టు విడిగా ఉండే హ, తలకట్టు పోయి గుడి వచ్చే రి, ఓత్వం, రావత్తు, గుడిదీర్ఘం అన్నీ ఉన్నాయి. ఈ ఐదూ ఒక కుటుంబంలా కనిపిస్తే సగం ఫాంట్ అయినట్టే.

కొలతలు ఇలా పెట్టుకోండి. ఫాంట్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరం గీసే చదరం ఎత్తును సాధారణంగా 1000 యూనిట్లుగా తీసుకుంటారు. ఒక గడి 20 యూనిట్లు అనుకుందాం. గీత మందం 80. అక్షరాలు కూర్చునే గీతను బేస్‌లైన్ అంటారు. ఒంటి ఎత్తు బేస్‌లైన్ నుంచి 480. తలకట్టు, గుడి లాంటివి 540 నుంచి 740 మధ్యలో. వత్తులు బేస్‌లైన్ కింద 60 నుంచి 400 దాకా.

గీత మందం 80 ఎందుకు, ఇంకా లావుగా దిట్టంగా 120 పెట్టుకోవచ్చుగా అంటారా? ఒంట్లో అడ్డంగా మూడు గీతలు ఒకదాని కింద ఒకటి పడే అక్షరాన్ని ఊహించుకోండి. ఎత్తు 480లో మూడు 120లు పోతే మిగిలేది 120. దాన్ని రెండు ఖాళీలకు పంచితే ఒక్కోదానికి 60 మాత్రమే. దూరం నుంచి చూస్తే ఆ అక్షరం నల్లటి ముద్ద. 80 పెడితే ఒక్కో ఖాళీ 120 వస్తుంది, ఊపిరాడుతుంది. ఫాంట్ ఎంత లావుగా ఉండొచ్చో తేల్చేది అందులోని అన్నిటికంటే ఇరుకైన అక్షరమే. ఇంకా లావు కావాలంటే ఒంటి ఎత్తు పెంచండి.

ఇప్పుడు మూలల కోత. కొత్తవాళ్ల ఫాంట్ కొత్తవాళ్లదని ఎక్కువగా ఇక్కడే తెలిసిపోతుంది. బయటి మూలను 140 యూనిట్లు కోశారనుకోండి, లోపలి మూలను కూడా 140 కోస్తే సరిపోతుందనిపిస్తుంది. అలా చేస్తే ఆ ఏటవాలు భాగం మందం 113 అవుతుంది, మూలలు వాచినట్టు కనిపిస్తాయి. లోపల అసలు కోయకపోతే 14 యూనిట్లే మిగిలి విరిగిపోయేలా ఉంటుంది. అంతటా 80 ఉండాలంటే లోపలి కోత దాదాపు 93 ఉండాలి. లెక్క ఇదీ: గీత మందాన్ని 0.586తో గుణించి, వచ్చిన దాన్ని బయటి కోతలోంచి తీసేయండి. గుర్తు పెట్టుకోవాల్సిన లెక్క ఇదొక్కటే.

ఇంకో చిన్న మోసం కూడా అవసరం. మందం సమానంగా ఉన్నా అడ్డగీత నిలువు గీత కంటే లావుగా కనిపిస్తుంది. కన్ను తీరే అంత. నిలువు గీతలు 80 ఉంటే అడ్డగీతలను 72 దగ్గర పెట్టండి. "మందం ఒకటే" అన్న నియమం తప్పినట్టే గానీ చూసేవాళ్లకు అప్పుడే ఒకటే మందంలా అనిపిస్తుంది. కొలబద్ద ఒకటి చెప్పి కన్ను ఇంకొకటి చెబితే కన్ను మాటే వినండి.

ఇక ఒక్కో అక్షరం.

ట తో మొదలుపెట్టండి, తలకట్టు గొడవ లేదు కాబట్టి. కానీ మిగతా అక్షరాల పైన తలకట్టు ఉంటుంది, ట పైన ఏమీ ఉండదు. ఒంటి ఎత్తు 480 దగ్గరే ఆపేస్తే పక్కవాటి మధ్య పొట్టిగా, గుంటలో దిగినట్టు కనిపిస్తుంది. ట, ల, బ, జ లాంటి వాటి చివరలను తలకట్టు ఉండే ఎత్తుదాకా లేపండి.

హ లో తలకట్టుకూ ఒంటికీ మధ్య 60 యూనిట్ల ఖాళీ. అది గీత మందం కంటే కొంచెం తక్కువ. ఇంకా తగ్గిస్తే ఫోన్ తెర మీద పూడుకుపోతుంది, ఇంకా పెంచితే తలకట్టు ఎగిరిపోతున్నట్టుంటుంది. ఇక్కడ తేల్చుకున్న ఖాళీనే ఘ, ప, ఫ, ష, స లకూ వాడండి.

రి దగ్గర జాగ్రత్త. తలకట్టు తీసేసి దాని చోట గుడి పెట్టాలి. వంపులు లేని లోకంలో ర ఒళ్లు ఒక డబ్బా, గుడి ఇంకో డబ్బా. ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే ఇంగ్లిష్ 8 అంకె తయారవుతుంది. గుడి వెడల్పు ఒంటి కంటే తగ్గించి, దాని మూలల కోత పెంచి, ఎత్తును సగం చేస్తే ఆ పోలిక పోతుంది. ర ఒళ్లు, సున్న, ఇంగ్లిష్ ఓ, సున్నా అంకె, ఈ నాలుగూ చతురస్రపు ఫాంట్‌లో ఒకే డబ్బా అవ్వాలని చూస్తాయి. వాటిని ఒకే పేజీలో పక్కపక్కన గీసి, వెడల్పుల్లోనూ కోతల్లోనూ కావాలని తేడాలు పెట్టండి.

కో రాసేటప్పుడు కొ, కో మధ్య తేడా కనిపించాలి. ఓత్వానికి ఉండే ఆ మెలికే తేడా. కొసను కనీసం రెండు గీతల మందమంత పైకి తిప్పితేనే థంబ్‌నెయిల్ సైజులో తెలుస్తుంది. గుడికీ గుడిదీర్ఘానికీ కూడా ఇదే మాట.

చివరగా శ్రీ. వత్తు గీసేటప్పుడు అందరికీ తట్టే అడ్డదారి, పెద్ద అక్షరాన్ని కాపీ చేసి సగానికి కుదించి కింద పెట్టేయడం. కుదించగానే 80 ఉన్న గీత 40 అయిపోతుంది. పైన ఇనుప కడ్డీ, కింద వెంట్రుక. వత్తును విడిగా, 68 లేదా 70 మందంతో మళ్లీ గీయాల్సిందే. ఎలాగూ త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. రావత్తును ఎడమ పక్క నుంచి కిందికి దిగి, 45 డిగ్రీలు తిరిగి, శ కింద అడ్డంగా సాగే ఒకే గీతగా గీయండి. ఇది ఈ నియమానికి చక్కగా లొంగుతుంది, మొత్తం మాటకు ఒక వేగం కూడా ఇస్తుంది. నన్నడిగితే తెలుగు డిస్‌ప్లే ఫాంట్‌లో ఆడుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ వీలున్నది రావత్తుతోనే. అట్ట మీద మాట కింద మొత్తం సాగే గీత కావాలంటే దాన్నే లాగొచ్చు.

కంప్యూటర్‌లోకి

గళ్ల కాగితం మీద ఐదు అక్షరాలూ కుదిరాక ఫాంట్‌ఫోర్జ్ ఇన్‌స్టాల్ చేసుకోండి. ఉచితం, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడిట్లోనూ నడుస్తుంది. చూడ్డానికి పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, మెనూలు కాస్త విసిగిస్తాయి, పని మాత్రం చేస్తుంది. మ్యాక్ ఉండి డబ్బు పెట్టగలిగితే గ్లిఫ్స్ అనే సాఫ్ట్‌వేర్ చాలా హాయిగా ఉంటుంది. ఫాంట్‌స్ట్రక్ట్ అని బ్రౌజర్‌లోనే గళ్లల్లో ముక్కలు పేర్చి ఫాంట్ చేసే ఉచిత సైటు ఉంది. మీ నియమం ఇంగ్లిష్ అక్షరాల మీద ఎలా ఉంటుందో ఒక సాయంత్రంలో తేల్చుకోవడానికి అది బాగుంటుంది. తెలుగు వత్తుల నియమాలు రాయడానికి పనికిరాదు.

వంపులు లేని నియమం సులువని పైన అన్నది ఇందుకే: ఫాంట్ గీయడంలో కొత్తవాళ్లను ఏడిపించేవి వంపులను సరిచేసే హ్యాండిల్స్. మనకు అవి లేనే లేవు. అన్నీ సరళరేఖలే కాబట్టి ఇంక్‌స్కేప్ లాంటి వేరే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, నేరుగా ఫాంట్‌ఫోర్జ్‌లోనే గీయొచ్చు. ముందు అక్షరం అస్థిపంజరాన్ని, అంటే మందం లేని ఒంటి గీతను గీసి, ఎలిమెంట్ మెనూలో ఎక్స్‌పాండ్ స్ట్రోక్ నొక్కి మందం 80 ఇవ్వండి. ఏటవాలు ముక్కను అస్థిపంజరంలోనే గీస్తే ఇందాకటి 93 లెక్క దానంతటదే సరిపోతుంది. తర్వాత అడ్డగీతలను 72కి చేత్తో సర్దుకోండి. అస్థిపంజరాన్ని వెనక లేయర్‌లో దాచుకోవడం మరవద్దు. రేపు ఇదే ఫాంట్ సన్నగా ఇంకోటి చేద్దామనిపిస్తే అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

గీసిన ప్రతి అక్షరానికీ రిమూవ్ ఓవర్‌ల్యాప్, కరెక్ట్ డైరెక్షన్ ఒకసారి నడపండి. లేకపోతే గీతలు కలిసే చోట తెల్లటి చిల్లులు పడొచ్చు, లోపలి ఖాళీలు నల్లగా నిండిపోవచ్చు.

గుణింతాలు, వత్తులు

కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలు, అందులో కొన్ని ఖాళీ. కీ, స్త్రీ, క్ష్మి లాంటివాటికి వాటిలో విడి స్థానాలు లేవు. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని వరసగా వచ్చిన సంకేతాలను చూసి ఏ రూపం ఎక్కడ పెట్టాలో ఫాంట్‌లోని ఓపెన్‌టైప్ నియమాలు చెప్పాలి.

క్ష తో కలిపి హల్లులు 36, వాటికి చేరే గుణింతపు గుర్తులు, అరుదుగా వచ్చే ౄ వదిలేస్తే, పొల్లుతో కలిపి 13. మొత్తం 468 రూపాలు. విడివిడిగా గీయాలంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. గీయక్కర్లేదు. ప్రతి హల్లుకూ తలకట్టు లేని ఒళ్లు ఒకటి, తలకట్టు ఒకటి, గుర్తులు ఒక్కొక్కటి గీసి పెట్టుకుని, వాటిని రిఫరెన్సులుగా అతికిస్తే చాలు. గుడి రూపం మారిస్తే అది వాడిన అక్షరాలన్నిట్లోనూ మారిపోతుంది. చేత్తో సర్దాల్సినవి మి, యి, మొ, యొ, వు, పు లాంటి కొన్నే.

ఆ నియమాలను ఫీచర్లు అనే విభాగాలుగా, ఒక్కోదానికి ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో నాలుగక్షరాల పేరుతో రాస్తారు. వత్తుల కోసం బీఎల్‌డబ్ల్యూఎఫ్ అనే ఫీచర్‌లో "పొల్లు తర్వాత క వస్తే రెండూ తీసేసి కవత్తు పెట్టు" అని ఒక్కో హల్లుకు ఒక్కో వరస రాయాలి. క్ష లాంటి విడదీయరాని జంటకు ఏకేహెచ్‌ఎన్ ఫీచర్. హల్లుకు గుణింతం అతికిన రూపాలను పీఆర్‌ఈఎస్, ఏబీవీఎస్ ఫీచర్లలో పెడతారు. స్క్రిప్ట్ పేరు టీఈఎల్2 అని ఇవ్వండి. గుడి వత్తుకు అంటాలా, అసలు హల్లుకా అన్న బెంగ పెట్టుకోకండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ అన్నిట్లో ఉండే హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ గుడిని వత్తుకంటే ముందుకు జరిపి హల్లు పక్కకు చేర్చే మీకు అందిస్తుంది.

ఇదంతా సున్నా నుంచి రాయడం ఇష్టం లేకపోతే న్యాయమైన అడ్డదారి ఒకటుంది. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. ఆ ఫైల్ తెరిచి, ఓపెన్‌టైప్ నియమాలను అలాగే ఉంచి, అక్షరాల రూపాలను ఒక్కొక్కటిగా మీవాటితో మార్చుకోవచ్చు. షరతులు ముఖ్యంగా రెండు: మీ ఫాంట్‌ను కూడా అదే లైసెన్స్ కింద విడుదల చేయాలి, వాళ్లు తమకు కేటాయించుకున్న పేరేదైనా ఉంటే అది వాడకూడదు. సరదాకు చేసేవాళ్లకు నేను ఈ దారే సూచిస్తాను. నియమాలు రాయడంలో సరదా ఉందని చెప్పేవాళ్లను నేనింకా చూడలేదు.

పనిలో పనిగా ఇతరులు చేసినవీ చూడండి. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లలో ధూర్జటి, రామరాజ, రవిప్రకాష్ లాంటి డిస్‌ప్లే ఫాంట్లున్నాయి, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఏక్ టైప్ వాళ్ల అనేక్ తెలుగు వేరియబుల్ ఫాంట్. బరువు, వెడల్పు రెండూ స్లైడర్‌తో మార్చుకోవచ్చు. అన్నిటికంటే లావు దగ్గర పెట్టి, ఇరుకు అక్షరాల్లో గీతను ఎక్కడ సన్నం చేశారో జూమ్ చేసి చూడండి. పుస్తకంలో చదివితే అంత బాగా తెలియదు.

ఎన్ని అక్షరాలు గీస్తే చాలు?

మీ అట్ట మీది మాటకు కావలసినన్నే గీసి ఆపేసినా తప్పు లేదు. నలుగురికీ ఇవ్వాలనుకుంటే మాత్రం పూర్తిగా చేయాలి. లేని అక్షరం వచ్చిన చోట కంప్యూటర్ ఇంకో ఫాంట్‌లోంచి తెచ్చి అతికిస్తుంది, చతురస్రాల మధ్య ఒక గుండ్రటి ఙ కూర్చుంటుంది. ఞ ఎవరు వాడతారులే అని వదిలేయకండి. సైన్స్ ఫిక్షన్ అట్ట మీద విజ్ఞానం అన్న మాట పడిందంటే ఞవత్తు కావాలి. అరసున్న, ౘ, ౙ తర్వాతైనా చేయొచ్చు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు మాత్రం ముందే గీయండి. మన పోస్టర్లలో 2050 అనో, ఏఐ అని ఇంగ్లిష్‌లోనో ఎక్కడో ఒక చోట తప్పకుండా పడుతుంది.

ఖాళీలు, కత్తిరింపులు

అక్షరాల మధ్య ఖాళీని ఫాంట్‌ఫోర్జ్ మెట్రిక్స్ కిటికీలో సర్దుకోవాలి. నిటారు గోడలున్న రెండు అక్షరాల మధ్య 90 పెట్టి చూడండి, బాగుంటే అదే కొలబద్ద. ఏటవాలు అంచులున్నవి కొంచెం దగ్గరికి జరగాలి. వత్తు కుడివైపుకు పొడుచుకొచ్చే అక్షరాల దగ్గర పైన ఖాళీ ఎక్కువైపోతుంది. పక్కపక్కన రెండు వత్తులు వస్తే కింద ఢీకొంటాయి. ఈ రెండిట్లో ఢీకొనడాన్నే ముందు తప్పించండి.

ఒంటి పైన గుడి, కింద రెండంతస్తుల వత్తులు ఉండటం వల్ల తెలుగు ఫాంట్ ఇంగ్లిష్ కంటే చాలా ఎత్తు తింటుంది. ఫాంట్ ఇన్ఫోలో ఓఎస్/2 మెట్రిక్స్ అన్న చోట విన్ అసెంట్, విన్ డిసెంట్ అంకెలు తక్కువగా ఉంటే విండోస్‌లో వత్తుల అడుగు కత్తిరించినట్టు మాయమవుతుంది. ఫాంట్‌లో అన్నిటికంటే పైకి పోయే బిందువు, అన్నిటికంటే కిందికి దిగే బిందువు చూసుకుని ఆ అంకెలే ఇవ్వండి. వరసల మధ్య దూరం పెరుగుతుంది నిజమే. రెండు వరసల టైటిల్‌కి ఆ దూరాన్ని డిజైన్ చేసేటప్పుడు తగ్గించుకోవచ్చు.

పరీక్ష

ఈ మాటలు టైప్ చేసి చూడండి: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, శాస్త్రం, సామర్థ్యం, కృత్రిమ మేధ, ఉపగ్రహం, చంద్రయాన్, హైదరాబాద్, జ్ఞాపకం, వువ్వు, మొయ్యి. చివరి రెండూ అర్థం కోసం కాదు, వు, మొ, య్యి సరిగా పడుతున్నాయో లేదో చూడ్డానికి. క్రోమ్‌లో ఒకసారి, వర్డ్‌లో ఒకసారి, మీరు పోస్టర్లు చేసే సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి చూడాలి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో భారతీయ భాషల సెట్టింగ్ విడిగా ఆన్ చేస్తే గానీ వత్తులు అతకవు. అలాంటప్పుడు ఫాంట్‌ను అనుమానించే ముందు ఆ సెట్టింగ్ చూడండి.

యంత్రం పరీక్ష అయ్యాక మనిషి పరీక్ష. ఫాంట్ సంగతి తెలియని ఒకరికి ఒక మాట ఫోన్‌లో చూపించి "ఇదేంటి, చదువు" అనండి. మీరు ముందే చెప్పేసి "ఎలా ఉంది?" అని అడిగితే బాగుంది అనే అంటారు, దానివల్ల ఉపయోగం లేదు. తడబడిన చోట ఏ అక్షరాన్ని ఏ అక్షరంగా చదివారో రాసుకోండి. ముగ్గురు ఒకే చోట తడబడితే అక్కడ నియమాన్ని సడలించాల్సిందే. ఒకరే తడబడితే, మిగతా మాటంతా బాగుంటే, వదిలేయండి. అందరికీ తేలిగ్గా చదవొచ్చేలా చేసుకుంటూ పోతే చివరికి ఏ ప్రయోగమూ మిగలదు.

తర్వాత ఏ3 కాగితం మీద ప్రింట్ తీసి గోడకు అంటించి గదిలో అవతలి మూల నుంచి చూడండి. తెర మీద తెలియని మందం తేడాలు, వంకర తలకట్లు అక్కడ తెలుస్తాయి.

విడుదల

పేరు పెట్టేముందు ఆ పేరుతో ఫాంట్ ఉందేమో వెతకండి. కంపెనీల ట్రేడ్‌మార్కులు, సినిమా పేర్లు వద్దు. ఉచితంగా ఇచ్చేట్టయితే ఓపెన్ ఫాంట్ లైసెన్స్ 1.1 పాఠాన్ని ఫైల్‌తో పాటు పెట్టి, ఫాంట్ ఇన్ఫోలోనూ రాయండి. ఆ లైసెన్స్ కింద ఎవరైనా మీ ఫాంట్‌తో పోస్టర్ చేసి అమ్ముకోవచ్చు, ఫాంట్‌ను మార్చుకోవచ్చు, దాన్నొక్కదాన్నే విడిగా అమ్మడానికి మాత్రం లేదు. అమ్ముకోవాలన్న ఆలోచన మీకే ఉంటే, వేరేవాళ్ల ఓపెన్ ఫాంట్ మీద కట్టినది కాకుండా పూర్తిగా మీరే గీసి నియమాలు రాసినదై ఉండాలి.

ఫాంట్‌ఫోర్జ్ దాచుకునే ఎస్‌ఎఫ్‌డీ ఫైల్‌ను పోగొట్టుకోకండి, దిద్దుబాట్లన్నీ అందులోనే చేయాలి. దిద్దిన ప్రతిసారీ వెర్షన్ నంబరు పెంచి కొత్త ఓటీఎఫ్ ఫైల్ తీయండి. కొత్తది ఇన్‌స్టాల్ చేసినా తెర మీద పాత అక్షరాలే కనిపిస్తే కంగారు పడొద్దు. కంప్యూటర్ పాత ఫాంట్‌ను జ్ఞాపకంలో పెట్టుకుని అదే చూపిస్తుంటుంది. పాతదాన్ని పూర్తిగా తీసేసి, సాఫ్ట్‌వేర్ మూసి, మళ్లీ తెరిస్తే సరిపోతుంది. పని జరుగుతున్నన్నాళ్లూ ఫాంట్ పేరు చివర ఒక అంకె తగిలించుకుంటే ఆ బాధ కూడా ఉండదు.